తాళం లేని సైటు

నకిరేకల్ దాటిన బస్సులో మిత్రుడితో ఫోన్లో వాదిస్తున్నాను. ఇసుక దోపిడీ మీద ఊళ్లవాళ్లు ఫిర్యాదులు పంపడానికి మేమొక వెబ్‌సైటు పెడుతున్నాం. సర్వర్‌కు లైసెన్సు కొనే సాఫ్ట్‌వేర్ వాడాలా, ఉచితంగా దొరికేది వాడాలా అన్నది తేలడం లేదు. "పంపినవి మధ్యలో ఎవరూ చదవకుండా చేసే ఎన్‌క్రిప్షన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు సైటు తెరుద్దాం" అని ఫోన్ పెట్టేశాను.

పక్క సీటులోని గొర్రెల కాపరి నావైపు తిరిగాడు. "సారూ, గదంటే సైటు అడ్రసు పక్కన కనవడే తాళమేనా?"

అవునన్నాను. ఆయన గొంగడి తొలగించి కుడిచెయ్యి చూపించాడు. నాలుగు వేళ్లూ నలిగి వంకర తిరిగి ఉన్నాయి.

"నేను గసొంటి సైటుకే రాసిన. దానికి తాళం లేకుండె. నెట్ సెంటరోడు మధ్యలనే సదివి ఇసుకోళ్లకు చెప్పిండు. నన్ను వాగుల పండవెట్టి, 'రాసిన చెయ్యి ఇదేనారా' అనుకుంట బండరాయితోని దంచిండ్రు. అడ్డమొచ్చిన మా తమ్ముని తల పగలగొట్టిండ్రు. దవాఖాన దాక పాణం ఆగలే."

ఆయన చెయ్యి మళ్లీ గొంగడి కింద పెట్టుకున్నాడు.

"గా తాళానికి మస్తు పైసలైతయా?"

"లేదు. ఉచితంగానే వస్తుంది."

"మరెందుకు పెట్టలే సారూ?"

నల్లగొండలో ఆయన దిగగానే మిత్రుడికి మళ్లీ ఫోన్ చేశాను. మా సైటు వారం ఆలస్యంగా తెరిచాం, తాళంతోనే.