పొగ లేని బస్సుకు సాంబ్రాణి పొగ

మా అమ్మాయికి ఐదేళ్లు. కాస్త పొగ తగిలితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. అలాంటి పిల్లను పెట్టుకుని మేము ఏరికోరి మదనపల్లె టమాటా మార్కెట్ యార్డు పక్కన ఇల్లు తీసుకున్నాం. సీజన్లో లారీలు ఇంజన్లు ఆపకుండా మా వీధి చివర బారులు తీరుతాయి. ఆపితే మళ్లీ స్టార్టు కావేమోనని డ్రైవర్ల భయం. భయపడేవాళ్లను నేనేమీ అనలేను. నిద్రపోతున్న పిల్ల ఛాతీ మీద చెయ్యేసి చూడనిదే నాకు కన్ను మూతపడదు.

బడి పుంగనూరు రోడ్డులో ఉంది. పిల్ల వెళ్లేది డీజిల్ ఆటోలో. అందుకే గాలి కాలుష్యం తగ్గించే నిధులతో మా ఊరికి కరెంటు బస్సు వస్తోందని, అది పుంగనూరు దాకా తిరుగుతుందని తెలిసినప్పుడు, ప్రజాధనం ఎట్టకేలకు నా కూతురి ఊపిరితిత్తుల దాకా చేరిందని పొంగిపోయాను. కుప్పంలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

"పొగ రాని బస్సు యాడన్నా ఉంటాదా? బాగా సూసి ఎక్కించు" అంది అమ్మ.

నవ్వాను. డిగ్రీ చదివినదాన్ని కదా.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. స్వచ్ఛమైన గాలిని చూపించడానికి జనాన్ని ట్రాక్టర్లలో తోలుకొచ్చారు. మైకు కోసం పెట్టిన జనరేటరు వేదిక వెనక నల్లగా పొగ కక్కుతుంటే, వేదిక మీద ఒక పెద్దమనిషి పిల్లల భవిష్యత్తు గురించి గద్గద స్వరంతో మాట్లాడాడు. ఆ గద్గదం జనరేటరు పుణ్యమేనని నా అనుమానం. తర్వాత టపాసుల సరం అంటించారు. నేను పిల్లను ఎత్తుకుని బస్సులోకి పరుగెత్తాను.

లోపల ఏసీ, కొత్త సీట్ల వాసన, తెరవడానికి వీల్లేని అద్దాలు. ఇక్కడికి ఏ పొగా రాదని ఊపిరి పీల్చుకున్నాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు. ఆ తర్వాత డ్రైవరు సాంబ్రాణి ధూపంతో లోపలికెక్కి, తలుపులు మూసి, ముందు సీటు నుంచి వెనక సీటు దాకా భక్తిగా పొగ పట్టించాడు.

"అన్నా, పాపకు పొగ పడదన్నా!"

"ఇది పొగ కాదమ్మా, సాంబ్రాణి."

వెనక సీట్లోని అవ్వ అందుకుంది. "సాంబ్రాణికి కూడా దగ్గే బిడ్డలుంటారా? మా పిలకాయల్ని పొగలోనే పెంచితిమి."

ఆమె మాట పూర్తవకముందే పిల్లికూత బస్సంతా వినిపించింది. అవ్వే మొదట లేచింది. "తలుపు తియ్యప్పా! బిడ్డ ఊపిరాడక కొట్టుకుంటాండాది!"

బస్సు మరీ కొత్తది కావడంతో తలుపు మీట ఎక్కడుందో డ్రైవరుకు వెంటనే దొరకలేదు. పిల్ల పెదాలు నీలం తిరుగుతాయేమోనని చూస్తూ, ఆ బస్సును కనిపెట్టినవాళ్లనూ, నిధులిచ్చినవాళ్లనూ, చప్పట్లు కొట్టిన నన్నూ కలిపి తిట్టుకున్నాను. తలుపు తెరుచుకోగానే దిగి, రోడ్డు పక్కన కూర్చుని ఇన్‌హేలర్ ఇచ్చాను. కూత తగ్గాక మమ్మల్ని ఇంటికి చేర్చింది ఎవరు? రెండు వైపులా తెరిచి ఉండే అదే డీజిల్ ఆటో.

"ఏమ్మా, పొగ లేని బస్సు బాగుండాదా?" అన్నాడు ఆటో అన్న.

బస్సును మాత్రం వదులుకోదలుచుకోలేదు. నాలుగు రోజులాగి, పొద్దున్నే మొదటి ట్రిప్పుకు ముందు డ్రైవరును పట్టుకున్నాను.

"ధూపం ఎయ్యకుండా స్టీరింగు పట్టుకోవాలంటే నాకు చేతులు వణకతాయమ్మా. యాడన్నా తగిలితే ఎవురు జవాబు చెప్పేది?"

ఇతనూ నాలాగే భయపడే జాతేనని అర్థమైంది. "మానేయమనడం లేదన్నా. తలుపులు మూసి, బయట వెయ్యి."

"లోపలుండే దిష్టి?"

"కొత్త బస్సు లోపల దిష్టి యాడుంటుంది? బయటి నుంచి రావాల్సిందే కదా." నా డిగ్రీ ఇన్నాళ్లకు ఇలా పనికొచ్చింది.

సరేనని తలూపాడు. ఇప్పుడు రోజూ తలుపులు మూసిన బస్సు చుట్టూ ప్రదక్షిణం చేస్తాడు. మేము గాలివాలు చూసుకుని దూరంగా నిలబడతాం. పూజ అయిపోయాకే ఎక్కాలని పిల్లకు బాగా తెలిసిపోయింది. బస్సులో దాని ఊపిరికి చప్పుడు లేదు. చెవి పెట్టి మరీ వింటాను.

నిన్న మార్కెట్ యార్డు దాటుతుంటే అది అద్దానికి ముక్కు ఆనించి, బారులు తీరిన లారీల వెనక నల్లటి పొగను చూసి అడిగింది:

"అమ్మా, ఈళ్ల పూజ ఇంకా అయిపోలేదా?"