గేటు గది గురించి రాసిన వ్యాసం

తొమ్మిదో తరగతి దాకా నేను సొంతంగా ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు. వ్యాసమంటే మా బడిలో మూడు శీర్షికలు: ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు. మూడింటి కిందా స్కేలు పెట్టి గీత కొట్టాలి. మధ్యలో రాయాల్సింది గైడులో ఉంటుంది, బట్టీ పట్టి దించేయడమే. ‘మా కుటుంబం’ వ్యాసంలో మా క్లాసు పిల్లలందరికీ నాన్నలు రైతులే. నిజానికి ఒకరి నాన్న సెంట్రింగ్ పని చేసేవాడు, ఒకరి నాన్న క్యాబ్ నడిపేవాడు, మా నాన్న కోకాపేటలో ఒక పెద్ద కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. అయినా పదికి ఎనిమిది వచ్చేవి. ఇంకేం కావాలి?

పదో తరగతిలో కొత్త తెలుగు టీచర్ వచ్చారు. కాకినాడ వైపు ఆవిడ. మొదటి వారమే గైడ్లన్నీ సంచుల్లో పెట్టించి, “మీ ఇళ్ళల్లో నాగలి ఉందా? లేదు కదా! మరెందుకర్రా రాస్తారు? చూసింది రాయండి. తప్పులుంటే నేను దిద్దుకుంటాను” అన్నారు. క్లాసంతా బిక్కమొహం వేసింది. నేను చాలాసేపు పెన్ను మూత నములుతూ కూర్చుని, చివరికి మా గోపన్‌పల్లి గల్లీలోకి నీళ్ళ ట్యాంకర్ వచ్చినప్పుడు జరిగే కొట్లాట రాశాను. ఆవిడ నన్ను నిలబెట్టి పైకి చదివించారు. పిల్లలు పగలబడి నవ్వారు. అంతమంది నా మాటలకు నవ్వడం అదే మొదటిసారి.

అప్పట్నుంచి ఎవరేం మాట్లాడుకున్నా చెవులు రిక్కించి వినేదాన్ని. ఇంట్లో, బస్టాపులో, కిరాణా కొట్టు దగ్గర, ఎక్కడ చూసినా నాకు వ్యాసమే కనపడేది. కాస్త పొగరు కూడా వచ్చింది, ఒప్పుకుంటాను.

ఆ ఏడాదే నాన్న పనిచేసే కంపెనీవాళ్ళు చుట్టుపక్కల సర్కారు బళ్ళ పిల్లలకు వ్యాసాల పోటీ పెట్టారు. విషయం ‘నాకు నచ్చిన మనిషి’. గెలిచినవాటిని వాళ్ళ ఆఫీసు లాబీలో పెద్ద బోర్డు మీద పెడతారట. నాన్న కాపలా కాసే ఆఫీసులోనే! ఇక నేను ఇంకొకరి గురించి ఎందుకు రాస్తాను?

అందులో అందరికీ నచ్చిన భాగం ఇది. ఆ ఆఫీసులో ఊడ్చి తుడిచే ఆడవాళ్ళకు కూర్చుని తినడానికి చోటు లేదు. క్యాంటీన్‌లోకి వాళ్ళను రానివ్వరు, మెట్ల కింద తినేవాళ్ళు. మధ్యాహ్నం పూట నాన్న వాళ్ళను గేటు పక్కనున్న తన గదిలోకి పిలిచి, ఫ్యాను వేసి, తను బయట ఎండలో నిలబడేవాడు. ఈ సంగతి ఆయన ఒక సాయంత్రం అమ్మతో చెప్తుంటే విన్నాను. ఆ గదిలోకి ఎవరినీ రానివ్వకూడదని రూలుందనీ, సార్లకు తెలిస్తే మాట పడాలనీ కూడా అన్నాడు. నేను ఆ రూలు కూడా రాశాను. రూలును కాదని పిలిచాడంటేనే కదా ఆయన గొప్పతనం తెలిసేది! ఆ సార్లే చదవాలి, చదివి నాన్నను మెచ్చుకోవాలి. అదీ నా ఆశ. ఎంత తెలివితక్కువదాన్నో! ఇంట్లో ముందుగా ఎవరికీ చెప్పలేదు. బోర్డు మీద చూసి నాన్న మురిసిపోవాలనుకున్నాను.

మొదటి బహుమతి వచ్చింది, వ్యాసం లాబీలో బోర్డెక్కింది. టీచర్ నన్ను దగ్గరికి తీసుకుని, “ఏడిపించేశావే తల్లీ” అన్నారు.

వారం తిరక్కుండానే నాన్నను గేటు నుంచి తీసేసి సెల్లార్‌లో వేశారు. భూమి కింద రెండో అంతస్తు, కార్లు పెట్టే చోటు. పొద్దున దిగితే సాయంత్రం దాకా వెలుతురు ముఖం చూడడు. గేటు గది తలుపు మీద లోపలికి రాకూడదని కాగితం అతికించారు. ఇవేవీ నాన్న నాతో అనలేదు. ఆ ఆడవాళ్ళలో ఒకామె మా గల్లీలోనే ఉంటుంది, నేను అత్తా అని పిలుస్తాను. నల్లా దగ్గర కనపడి ఆమే చెప్పింది. “మా ముచ్చట మస్తు రాసినవంట గదనే బిడ్డా. సార్లు గుంపు కట్టి చదివిన్రు. ఇగ మల్ల మెట్ల కిందనే తింటున్నం. నువ్వేం ఫికర్ చెయ్యకు, మాకు అలవాటే” అంది. నన్ను తిట్టినా బాగుండేది. బిందె అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను.

నాన్న వచ్చేదాకా గుమ్మంలో కూర్చున్నాను. వచ్చాడు. బట్టల నిండా కార్ల పొగ వాసన. “నాయినా, నా వల్లనే గదా” అని ఏడ్చాను. ఆయన పక్కనే కూర్చుని బూట్ల లేసులు విప్పుకున్నాడు.

“అబద్ధమైతే రాయలే బిడ్డా. అయిందే రాసినవ్” అన్నాడు. బూట్లు గోడ వారగా పెట్టి, “గని నన్నొక మాట అడిగేదుండె. నేను గా ముచ్చట మీ అమ్మకు చెప్పిన. ఊరందరికి చెప్పలే” అన్నాడు.

మర్నాడు టీచర్‌కు చెప్తే ఆవిడ ముఖం పాలిపోయింది. “ఒత్తులూ దీర్ఘాలూ చూసుకున్నానే గానీ, ఇది వాళ్ళు చదివితే ఏమవుతుందో నాకూ తట్టలేదమ్మా” అన్నారు. ఆ వ్యాసం తీసేయమని కంపెనీకి ఫోన్ చేశారు. తీసేశారు. నాన్నను మాత్రం పైకి పిలవలేదు.

మొదట్లో మాకు గీతలు కొట్టడం నేర్పారు, తర్వాత చూసింది రాయమన్నారు. చూసినదాంట్లో నాదెంత, పక్కవాళ్ళదెంత అన్నది ఏ తరగతిలోనూ రాలేదు. గైడులో రైతు నాన్న గురించి ఏం రాసినా ఎవరికీ ఏమీ కాదు, ఆయన ఎవరికీ నాన్న కాదు కాబట్టి. పబ్లిక్ పరీక్షలో నేను మళ్ళీ ఆ రైతు నాన్ననే దించి వచ్చాను. టీచర్ ఏమంటారోనని ఆ తర్వాత ఆవిడ ఎదుట పడలేదు.

నాన్న ఏడాదిన్నర సెల్లార్‌లో ఉండి, దగ్గు పట్టుకుని, చివరికి ఆ పని వదిలేశాడు. ఇప్పుడు వేరే చోట చేస్తున్నాడు. ఎక్కడో రాయను. అత్త కూడా అక్కడ మానేసింది. నేను డిగ్రీ చదువుతున్నాను. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క రాయలేదు. కాలేజీ పత్రికకు ఏదైనా ఇవ్వమంటే ఇది రాసి, ముందు అత్తకు చదివి వినిపించాను. “ఉన్నదే గద, ఉండనియ్” అంది.

తర్వాత నాన్నకు చదివాను. గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు.

“ఒక్కటి తీసెయ్ బిడ్డా” అన్నాడు.

ఏ వాక్యమో చెప్పాడు. అన్నిట్లోకీ బాగా కుదిరిన వాక్యం అదే. తీసేశాను.