పొయ్యి దగ్గర అనకూడని మాట

కొబ్బరిపాలలో చేమాకు ఉడుకుతున్న వాసన మా వంటింట్లో లేచి చాలా ఏళ్ళయింది. ఈ రోజు పొద్దుటి నుంచి అది ఇల్లంతా పట్టింది. పచ్చి ఆకు వాసన తగ్గి, తడి మట్టిని తలపించే ఒక బరువైన వాసన మొదలైంది. ఇంకా ఒక్క ముద్ద కూడా నోట పెట్టలేదు కానీ నా గొంతు అప్పుడే గరగరమంటోంది. అది ఆకు వల్ల కాదు, భయం వల్ల.

మొదట చెప్పవలసినది మొదటే రాస్తాను. మా ఫ్యాక్టరీలో పనిచేసిన కిమో మా ఇంటికి భోజనానికి వచ్చిన రోజు కూర చెడిపోయింది సన్యాసమ్మ పిన్ని వల్ల కాదు. ఆమె చేతి వల్లా కాదు, నోటి వల్లా కాదు. పొయ్యి ఆపింది నేను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మలేసియాలో, ఈ సుంగై పెటానిలోని మా తెలుగువాళ్ళు ఆ కథను వేరేగా విన్నారు, వేరేగానే చెప్పుకుంటున్నారు.

సన్యాసమ్మ పిన్ని మాకు చుట్టం కాదు. సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోటలో, కూలీల లైను ఇళ్ళలో, మా పక్క గది ఆమెది. భర్త పోయాడు, పిల్లలు లేరు. మా అమ్మ చీకటితో లేచి చెట్ల పాలు తీయడానికి వెళ్ళిపోతే నా అన్నం, నా చదువు, నా అల్లరి అన్నీ పిన్ని గడపలోనే. కొబ్బరిపాలను మలై భాషలో సంతాన్ అంటారు. నన్ను కొట్టుకు పంపినప్పుడల్లా "సంతానం అట్టుకురారా, దేవుడు ఇయ్యకపోతే ఏటి, సీనావోడి కొట్లో దొరుకుతాది" అని ఆమె నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. అందులో నవ్వవలసింది తక్కువని తెలియడానికి నాకు పెళ్ళయి కూతురు పుట్టవలసి వచ్చింది.

చేమాకు పొయ్యి మీద ఉన్నప్పుడు పిన్ని దగ్గర ఒక కట్టడి ఉండేది. ఆకు సరిగా ఉడకకపోతే గొంతును ఏం చేస్తుందో ఆ మాటను ఎవరూ పైకి అనకూడదు. అంటే ఆకు వింటుందట, విన్నది చేసి చూపిస్తుందట. దురద అనే ఆ మాటకు బదులు ఆమె "అది" అనేది. "అది రాకండా సింతపండు ఎయ్యాల, అది పోయేదాకా ఉడకాల, మంట కాడ మనిసుండాల." మంట దగ్గర మనిషి ఉండడమంటే ఊరికే నిలబడడం కాదు. ఆకును వేళ్ళతో నలిపి, వెన్నలా జారేదాకా చూస్తూనే ఉండడం. ఒకసారి నేను ఆడుకోవడానికి జారుకుంటే రెక్క పట్టుకొని తిరిగి పీట మీద కూర్చోబెట్టింది. తిట్టలేదు. "నువ్వు సూడకపోతే మరెవుడు సూస్తాడు?" అంది అంతే.

తోట అమ్మేసి లైను ఇళ్ళు పడగొట్టాక, నాకు సుంగై పెటానిలో సర్క్యూట్ బోర్డులు చేసే ఫ్యాక్టరీలో పని దొరికింది. అమ్మను, పిన్నిని తీసుకొచ్చి ఒకే వరసలో రెండు ఇళ్ళు చూశాను. పిన్ని పెరట్లో మళ్ళీ చేమమొక్కలు లేచాయి. ఉగాదికి మా వాళ్ళందరూ కలిసి భోజనాలు చేసేటప్పుడు పెద్ద గుండిగ ముందు గరిటె పట్టేది ఆమే. ఉద్యోగాల మీద హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళు ఆమె మాట విని మొదట నవ్వేవాళ్ళు, పులుసు తిన్నాక వెనకాలే తిరిగేవాళ్ళు. అమ్మ పోయాక నాకు పెద్దదిక్కు ఆమె ఒక్కతే.

కిమో మా ఫ్యాక్టరీకి హవాయి నుంచి వచ్చిన ఇంజనీరు, నా పై అధికారి. మనిషి కొండలా ఉండేవాడు, మాట మాత్రం మెత్తన. ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో పళ్ళెం ముందు దిగులుగా కూర్చొని, తన తల్లి చేసే వంట గురించి చెప్పాడు. చేమాకును కరిగిపోయేదాకా ఉడికించి, కోడిమాంసం, కొబ్బరిపాలు కలిపి చేస్తారట. పేరు లూఅవు. వాన పడినా, ఒంట్లో బాగాలేకపోయినా వాళ్ళింట్లో అదేనట. చేమాకు మేమూ తింటామని, మా పిన్ని చేత వండిస్తానని నేను వెంటనే అనేశాను. ప్రేమతో అన్నానని చెప్పుకోవాలని ఉంది. కాని సెక్షన్ లీడరుగా ఎవరిని పెట్టాలో కిమో తేల్చే రోజులవి. ఆ పదవి మీద నాకు ఎంత ఆశో నాకు తెలుసు.

చింతపండు లేకుండా అనేసరికి పిన్ని చాలాసేపు ఆలోచించింది. చివరికి, "వాళ్ళమ్మ ఒండినట్టే ఒండుదాం. సింతపండు సేసే పని మంట సేత సేయిద్దాం" అంది. పొద్దున్నే ఆకు పొయ్యి మీదికి ఎక్కించింది. కోడిని వేరే గిన్నెలో ఉడికించి పక్కన పెట్టింది. కొత్త మనిషి వస్తున్నాడు, స్నానం చేసి మంచి చీర కట్టుకొస్తానని వెళ్తూ, ఆకు వెన్నలా అయ్యేదాకా కదలొద్దని నాతో అంది. పాలు తాను వచ్చాకనే పోస్తానంది.

ఆమె అటు వెళ్ళింది, ఇటు కిమో ఫోను చేశాడు. అనుకున్నదానికంటే ముందే బయలుదేరాడట. మూత తీసి చూశాను. ఆకు నల్లబడుతోంది. ఇంకాసేపు ఉంచితే ముద్దయిపోతుంది, చూడ్డానికి బాగుండదు, అధికారి ముందు అలాంటిది పెట్టడమా అనిపించింది. పొయ్యి ఆపి, నీళ్ళు వంచి, మాంసం, కొబ్బరిపాలు కలిపేశాను. రంగు నిజంగానే బాగుంది. పిన్ని తల తుడుచుకుంటూ వచ్చేసరికి కిమో కారు వాకిట్లో ఉంది.

"ఆకు కరిగినాదా?" అని అడిగింది.

"కరిగినాది పిన్నీ. సూసినాను."

ఇంకేమీ అడగలేదు. నేను చూశానన్నాను కదా.

బల్ల దగ్గర కిమో ఎంతో సరదాగా ఉన్నాడు. ఉడకని ఆకు గొంతు పట్టుకుంటే తన తల్లి ఎన్ని తిట్లు తినేదో చెప్పి, దాన్ని మీ భాషలో ఏమంటారని అడిగాడు. నేను పిన్నికి తెలుగులో చెప్పాను. ఆమె సిగ్గుపడింది. వంట అయిపోయిందిలే అనుకుందేమో, గొంతు మీద గోక్కుంటున్నట్టు అభినయించి, "దురద, దురద" అంది. కిమో ఆ మాటను వంకరగా పలికాడు. అందరం నవ్వాం.

రెండో ముద్దకి నా గొంతులో సూదులు దిగాయి. కిమో నీళ్ళ గ్లాసు అందుకున్నాడు, కళ్ళు ఎర్రబడ్డాయి. నా భార్య గబగబా పెరుగు తెచ్చింది. కిమో మర్యాదస్తుడు. దగ్గుతూనే, ఇప్పుడు అచ్చం తన ఇంట్లో ఉన్నట్టుందని నవ్వాడు. పిన్ని నవ్వలేదు. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకొని, "నా నోరేరా అప్పన్నా. నానే అనేసినాను" అంది నాతో.

ఆ క్షణాన నేను నోరు తెరవాలి. తెరవలేదు. ఆమె నమ్మకం నాకు దాక్కోవడానికి చోటిచ్చింది.

తరువాతి ఉగాదికి పిన్ని గరిటె పట్టలేదు. తన నోరు మంచిది కాదని, ఇది నలుగురు తినే తిండి అని అంది. మొదట బతిమాలారు. తరువాత అడగడం మానేశారు. ఆ తరువాత కొత్తవాళ్ళకు, ఆమె చెయ్యి తగిలితే కూర చెడుతుందని ఎవరో వేళాకోళంగా చెప్పారు. అది వేళాకోళంగా మిగల్లేదు. పెరట్లో చేమమొక్కలను ఆమె దుంపలతో సహా పీకేసింది. ఆ రోజు పార ఇచ్చింది నేనే. పదవి నాకే వచ్చింది. కిమో తన దేశం వెళ్ళిపోయాడు. ఫ్యాక్టరీలో నన్ను ఓవెన్ అంకుల్ అంటారు. గడువు తీరకుండా ఒక్క బోర్డును కూడా వాటిని ఆరబెట్టే ఓవెన్‌లోంచి బయటికి తీయనివ్వను, తీసేదాకా అక్కడి నుంచి కదలను. దాన్ని వాళ్ళు క్రమశిక్షణ అనుకుంటారు.

నిజం చెప్పాలని చాలాసార్లు పిన్ని ఇంటికి వెళ్ళాను. టీ తాగి వచ్చేవాణ్ణి. పిన్ని తిడుతుందని కాదు నా భయం. తిట్టదని.

పోయిన వారం మా అమ్మాయి గీత చేమాకు పులుసు నేర్పమని ఆమె దగ్గరికి వెళ్ళింది. గీతకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడం తక్కువ. వచ్చీరాని మాటల్లో ఎంత అడిగినా పిన్ని గరిటె ముట్టలేదట. "నా సెయ్యి తగిలితే నీకూ అంటుకుంటాదమ్మా" అందట. గీత ఇంటికొచ్చి, ఏం అంటుకుంటుంది నాన్నా అని అడిగింది. నేను దాచినది నా కూతురి దాకా వచ్చింది.

అందుకే ఈ రోజు కిమో చెప్పిన కూరను నేనే వండాను, చింతపండు లేకుండా. తెల్లవారినప్పటి నుంచి పొయ్యి దగ్గరే ఉన్నాను. ఆకును నలిపాను, మళ్ళీ ఉడికించాను, మళ్ళీ నలిపాను. ఈ రోజు కూడా గొంతు పట్టుకుంటే నేను చెప్పేది పిన్ని నమ్మదు, ముసలిదాన్ని ఊరడించడానికి కట్టిన మాట అనుకుంటుంది. పోస్తుంటే కొబ్బరిపాలు కొన్ని పొయ్యి మీద ఒలికాయి.

భోజనానికి పిలిస్తే పిన్ని కర్ర పొడుచుకుంటూ వచ్చి వంటింటి గుమ్మంలో ఆగింది. వాసన పట్టింది. "ఇదెందుకు ఒండినావురా" అని వెనక్కి తిరగబోయింది. చెయ్యి పట్టుకొని కుర్చీలో కూర్చోబెట్టాను. పొయ్యి ఇంకా వెలుగుతూనే ఉంది. మూత తీసి, ఉడుకుతున్న గిన్నె మీదికి వంగి, ఆమెకు వినబడేలా అన్నాను. దురద. దురద. దురద.

"నీకేటైనా పిచ్చా?" పిన్ని మొహం పాలిపోయింది.

ముందు నేను తిన్నాను. ఆమె నా గొంతు వంకే చూస్తూ కూర్చుంది. నేను దగ్గలేదు, నీళ్ళు తాగలేదు. చివరికి ఆమె పళ్ళెం దగ్గరకు లాక్కొని, చిన్న ముద్ద కలిపి, కళ్ళు మూసుకొని నోట పెట్టుకుంది. మింగింది. కనిపెట్టుకొని ఉంది. రెండో ముద్ద తింది. మూడోది కలపబోయి ఆగి, నా వైపు చూసింది.

"మరి ఆ పొద్దు ఏటయినాదిరా?"

కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

"నువ్వు తానానికి ఎల్లినప్పుడు పొయ్యి ఆపేసినాను పిన్నీ. ఆకు కరగలేదు. సూసినానని నీకు అబద్ధం సెప్పినాను. నీ నోరు కాదు, నాది. నన్ను మన్నించు."