పసుపు మిల్లులో ఫ్యాను నిలిపిన కథ

ఆ రోజుల్లో నా డిప్లొమా పట్టా ఇంకా మడత కూడా నలగలేదు కానీ, లోకంలో తిరిగే వస్తువు ఏదైనా సరే నిలబెట్టగలనన్న ధీమా మాత్రం నిండుగా ఉండేది. (మోటార్లను ఆపే పాఠం చెప్పిన మధ్యాహ్నం నేను క్లాసులో సగం నిద్రలో ఉన్నాననే సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.) మైదుకూరు దగ్గర మా అమ్మకు దూరపు తమ్ముడి వరసయ్యే ఒకాయనకు పసుపు కొమ్ములు పొడి కొట్టే మిల్లు ఉండేది. ఆయన్ని మిల్లు మామ అనేవాళ్లం. నా మొదటి ఉద్యోగం అక్కడే. మిల్లు గోడలో మనిషెత్తు ఫ్యాను ఒకటి బిగించి ఉండేది. లోపల లేచే పసుపు దుమ్మును అది లాగి, గోడ అవతలి చిన్న గదిలోకి నెట్టేది. సాయంత్రం ఫ్యాను కట్టేశాక ఆడవాళ్లు ఆ గదిలోకి పోయి దుమ్మును ఊడ్చి సంచులకెత్తేవాళ్లు. అయితే స్విచ్చి కట్టేసినంత మాత్రాన ఆ ఫ్యాను నిలిచేది కాదు. ఏదో ఆలోచనలో పడి ఇల్లు దాటిపోయిన మనిషిలాగా తనపాటికి తాను తిరుగుతూనే ఉండేది. ఒకరోజు అట్లా తిరుగుతూనే చిన్నక్క కొంగు లాక్కుంది. (చిన్నక్క మిల్లులో అందరికంటే పెద్దది. ఆ పేరు ఎట్లా వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు.) కొంగు పాతది కాబట్టి చినిగింది, మనిషి దక్కింది. ఆ తర్వాత ఆమె ఆ గది వైపు పోలేదు. నవ్వడమూ మానేసింది.

మామ నన్ను పిలిచి, "స్విచ్చి కట్టేస్తానే అది నిలబడల్ల. నీ చదువులో ఆ పాఠం ఉండాదా, ల్యాదా?" అన్నాడు. "ఉండాది మామా" అన్నాను. ఉండేది కూడా. మోటారుకు వచ్చే మూడు వైర్లలో ఏ రెండింటినో తారుమారు చేస్తే, అది వెనక్కి తిరగాలని చూస్తుంది. ముందుకు పోయే వేగానికి ఆ బలం అడ్డుపడి మోటారు చప్పున నిలుస్తుంది. నిలిచిన క్షణంలోనే కరెంటు తీసేయాలి, అంతే. ఆ పని చేసే పిడి ఒకటి గోడకు బిగించాను. పరీక్షించే సాయంత్రానికి సరిగ్గా కర్నూలు నుంచి మామకు కాబోయే వియ్యంకుడు, ఇస్త్రీ మడత నలగని తెల్ల పంచెలో, మిల్లు చూడ్డానికి వచ్చాడు. మామ నా భుజం మీద చెయ్యేసి, "మా ఇంజనీరు" అన్నాడు. ఆ మాట నాకు తలకెక్కింది.

పిడి వెనక్కి తిప్పాను. ఫ్యాను మూలిగింది. అవతలి గది కిటికీలోంచి పొద్దుగూకే ఎండ పడుతోంది. అంతవరకూ బూడిదరంగు పళ్లెంలా కనిపించిన ఫ్యానులోంచి రెక్కలు ఒక్కొక్కటే విడివడి బయటికొచ్చాయి. వాటి సందుల్లోంచి వెలుతురు నేల మీద నెమ్మదిగా నడిచింది. గాలిలో పసుపు నలుసులు ఎటు పోవాలో మరిచిపోయినట్టు ఆగాయి. ఒక్క రెప్పపాటు అంతా నిలిచింది. అంత అందమైన నిలకడను నేనెప్పుడూ చూడలేదు. చూస్తూ ఉండిపోయాను. చెయ్యి పిడి మీదే ఉంది, మనసే ఎక్కడో ఉంది. "కట్టేయ్ రా" అని మామ అంటున్నట్టు దూరంగా వినపడింది. ఈలోగా ఫ్యాను వెనక్కి తిరగడం మొదలుపెట్టి, అవతలి గదిలోని దుమ్మంతా తెచ్చి మా మీద పోసింది.

దుమ్ము అణిగాక చూస్తే వియ్యంకుడు మీసాలతో సహా బంగారు బొమ్మలా ఉన్నాడు. మామ పరిస్థితీ అదే. వియ్యంకుడే ముందు కళ్లు తుడుచుకుని, "పెండ్లి మా పిల్లోనికి కదప్పా. నలుగు నాకు పెడ్తాండారే" అన్నాడు. వాకిలి దగ్గర ఎవరో పకపకా నవ్వారు. చిన్నక్క. గోడ పట్టుకుని, ఊపిరి తిరగక, మళ్లీ మళ్లీ నవ్వింది. నన్ను ఏదో అనబోయిన మామ ఆ నవ్వు విని ఆగిపోయాడు. "పొయ్యి నీళ్లు పోసుకో. రేపు రా" అన్నాడు. ఉద్యోగం ఉందని అట్లా తెలిసింది.

తర్వాత పుస్తకం ఈసారి మెలకువగా చదివి రెండో దారి పట్టాను. మామూలు కరెంటు తీసేసిన వెంటనే, మోటారులోని తీగ చుట్టలకు కాసేపు బ్యాటరీలో ఉండేలాంటి ఒకే దిక్కు కరెంటు ఇస్తే, లోపల పుట్టే అయస్కాంత బలం కదలకుండా నిలిచి, తిరిగేదాన్ని పట్టి ఆపుతుంది. వెనక్కి తిరిగే భయం లేదు, చూస్తూ నిలబడిపోయేవాళ్లకు కూడా ప్రమాదం లేదు. ఆ కరెంటు ఇచ్చే పెట్టె కూర్చి, బటన్ నొక్కమని చిన్నక్కను పిలిచాను. ఆమె ఒక వేలితో, వేడి పెనాన్ని తాకినట్టు నొక్కింది. ఫ్యాను గుర్రుమని నిలిచింది. "ఇంగొక తూరి" అంది. మళ్లీ తిప్పాం, మళ్లీ ఆపింది. "ఇంగొక తూరి నాయనా." చాలాసేపు ఆపించాం. ఆఖరికి కొంగు నడుముకు దోపుకుని, చీపురు తీసుకుని ఆ గదిలోకి పోయింది.

ఆ సాయంత్రం మా ఊరు కమలాపురానికి పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. నేనేం చేసి వస్తున్నానో ఎవరైనా అడిగితే బాగుండునని ఉంది. పక్కనున్న పెద్దమనిషి టికెట్ జేబులో పెట్టుకుని నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. ఆయన లేస్తే చెప్పాలని, లేపకూడదని, ఊరు వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాను. ఇప్పుడు నేను పనిచేసే ఓర్వకల్లు ఫ్యాక్టరీలో మోటారు ఎంతసేపట్లో నిలవాలో తెర మీద అంకె నొక్కితే చాలు. అయినా అప్పుడప్పుడు, బిగుసుకుని కూర్చున్న, చెవుల్లో పసుపు ఇంకా వదలని ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. ఆ బస్సెక్కి, అతని ముందు సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి అడగాలనిపిస్తుంది: "ఏమప్పా, ఈ పొద్దు ఏం చేసినావు?"