మూడు కిటికీల ఆట

పొద్దున్నే టీగిన్నె పొయ్యి ఎక్కకముందే వంటింటి గట్టు మీద రెండు పాచికలు దొర్లాలి. ఆ ఇంట్లో అది రూలు. ఒకసారి అత్తగారు వేస్తుంది, ఒకసారి కోడలు వేస్తుంది. ఎవరికి తక్కువ పడితే వాళ్ళు టీ పెట్టాలి. కోడలు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే లెక్చరరు కాబట్టి, ఊరికే ఓడిపోయి ఊరుకునే రకం కాదు. పాత క్యాలెండరు వెనక మూడువందల రోజుల ఫలితాలు రాసి పెట్టుకుంది. అందులో రెండువందల పదకొండు సార్లు అత్తగారే గెలిచింది. ఎంత అదృష్టవంతురాలైనా అన్నిసార్లు గెలవదని లెక్క చెబుతోంది. అనుమానం తీరక ఒకనాడు పాచికల్ని ఉప్పునీళ్ళలో తేల్చింది. ఒక పక్క బరువెక్కువుంటే ఆ పక్క ఎప్పుడూ కిందికే తిరుగుతుంది. పాచికలు ఏ పాపమూ ఎరగనట్టు తేలాయి.

"ఏం వెతుకుతున్నావే అమ్మాయ్, ఆ నీళ్ళలో?"

"మీ అదృష్టాన్ని అత్తయ్యా."

"దొరికితే నాకూ చూపించు. ముందు టీ సంగతి చూడు."

కాలేజీలో కోడలిని అందరూ పాచికల మేడమ్ అంటారు. చేరిన మొదటి ఏడాది బోర్డు నిండా సూత్రాలు రాస్తే, వెనక్కి తిరిగేసరికి సగం క్లాసు నిద్రలో ఉండేది. ఒకరోజు విసుగెత్తి సంచిలోంచి పాచికలు తీసి, బెంచీకో జత ఇచ్చి, రెండింటి మొత్తం ఎంత పడుతుందో ముందే చెప్పినవాళ్ళకి ఒక గుండీ ఇస్తానంది. గంట గడిచేసరికి ఏడు ఎందుకు ఎక్కువసార్లు పడుతుందో పిల్లలే తగాదా పడి తేల్చుకున్నారు. నిద్రపోయిన వాళ్ళు లేరు. పక్క గదిలో పాఠం చెబుతున్న ఫిజిక్స్ మాస్టారు మాత్రం గోల భరించలేక ప్రిన్సిపాలుకు ఫిర్యాదు చేశాడు.

అది జరిగి అయిదేళ్ళు. ఈ మధ్యలో ప్రిన్సిపాలుగారు ఏదో సభకు వెళ్ళి, చదువులో ఆటల ప్రయోజనం మీద రెండు గంటల ఉపన్యాసం విని వచ్చారు. రెండు గంటలు విన్నవాడి ఉత్సాహం ఇరవై ఏళ్ళు చేసినవాడికి ఉండదు. రాగానే రెండు పనులు చేశారు. గేమ్ డిజైన్ అని కొత్త క్లాసు ఒకటి మొదలుపెట్టి పాచికల మేడమ్‌కి అప్పగించారు.

"నాకు కంప్యూటర్ గేములు రావండి," అందామె.

"మీ దగ్గర పాచికలున్నాయి కదమ్మా," అన్నారాయన, అర్హతలన్నీ అందులోనే ఉన్నట్టు.

రెండో పని స్టాఫ్ రూమ్ గోడ మీద నిలువెత్తు చార్టు. అందరికంటే ముందొచ్చి సంతకం పెట్టిన లెక్చరరుకు రోజుకో స్టార్. నెలాఖరుకి ఎక్కువ స్టార్లున్నవాళ్ళ ఫొటో నోటీసు బోర్డు మీద. పాచికల మేడమ్ చెప్పి చూసింది. "సార్, మనం దేన్ని లెక్కపెడితే జనం దాన్నే తెచ్చిస్తారు. పాఠాన్ని లెక్కపెట్టట్లేదు, సంతకాన్ని లెక్కపెడుతున్నాం." ఆయన నవ్వి, సలహా ఇచ్చినందుకు ఆమెకో స్టార్ అతికించారు. మర్నాటి నుంచి ఫిజిక్స్ మాస్టారు పొద్దున్న ఆరున్నరకే వచ్చి, వాచ్‌మన్‌ని లేపి గేటు తీయించి, సంతకం పెట్టి, ఇంటికెళ్ళి మళ్ళీ పడుకుని పదకొండింటికి వచ్చేవాడు. మూడు నెలలు వరసగా ఆయన ఫొటోనే.

గేమ్ డిజైన్ క్లాసుకి మొదటిరోజు పిల్లలు తుపాకులు, కార్లు, రాక్షసుల కోసం ఆశగా వచ్చారు. మేడమ్ వాళ్ళకి అట్టముక్కలు, పెన్సిళ్ళు, ఒక డబ్బాడు గుండీలు పంచింది. సున్నాలూ ఇంటూలూ ఆడమంది. నిమిషంలో అందరికీ విసుగొచ్చింది. "ఇప్పుడు ఒక్క రూలు మారుద్దాం. మూడు వరసగా వచ్చినవాళ్ళు ఓడిపోయినట్టు." తలలన్నీ ఒక్కసారి అట్టల మీదికి వంగాయి. ఎప్పటినుంచో చేతికి అలవాటైన ఆట ఉన్నట్టుండి కొత్త మనిషిలా ఎదురుగా కూర్చుంది. "చూశారా? అట్ట అదే, పెన్సిలు అదే, మీరూ మీరే. మారింది ఒక్క రూలు. ఏడాదంతా నేను చెప్పబోయేది ఇదే."

ఇంకొకటి కూడా చెప్పేది. ఆట తెమలకపోతే తప్పు ఆడేవాళ్ళది కాదు, రూల్సుది. ఆడేవాళ్ళని తిట్టొద్దు, రూలు దిద్దండి.

పిల్లలు చేసిన ఆటలు మార్కుల దాకా రావాలంటే ముందు ఒక గండం గడవాలి. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు. ఇక్కడ ఇల్లంటే మేడమ్ ఇల్లు, గండమంటే వాళ్ళ అత్తగారు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు బట్టల మిల్లులో పనిచేసి రిటైరైంది. సెలవుల రూల్సు పుస్తకం ఆవిడకి కంఠతా. హక్కుగా రావలసిన సెలవు ఒక్కటీ వదులుకోలేదు, రాకూడనివి కూడా చాలానే తీసుకుంది. ఏ ఆట ముందు పెట్టినా అద్దాలు తుడుచుకుని, రూల్సు కాగితం రెండుసార్లు చదివి, "ఇలా చేయకూడదని ఎక్కడ రాసుందర్రా?" అని మొదలుపెట్టేది. అరగంటలో ఆటకి చిల్లు దొరికేది. ఆ చిల్లు పూడ్చుకుని వారం తర్వాత మళ్ళీ రావాలి. బామ్మగారిని ఓడించిన ఆటకే మార్కులు. పిల్లలు ఆవిడని చూసి వణికేవాళ్ళు, ఆవిడ దగ్గరికే పరిగెత్తేవాళ్ళు.

అన్నీ బాగానే ఉన్న సమయంలో గోడ మీద ఒక నోటీసు వచ్చింది. వచ్చే ఏడాది నుంచి కొత్త క్లాసుల్ని పర్మినెంటు లెక్చరర్లే చెప్పాలి. నెలాఖరులోగా పర్మినెంటు కానివాళ్ళ క్లాసులు, స్టార్లు ఎక్కువున్నవారికి ఇవ్వబడును. కింద ప్రిన్సిపాలుగారి సంతకం.

పాచికల మేడమ్ పర్మినెంటు కాదు. ఆమె ఫైలుకి ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళూ అది ఆమె సంచిలోనే ఉంది, ఎందుకంటే ఆఫీసులో ఏ కిటికీ దాన్ని ఉంచుకునేది కాదు. మొదటి కిటికీ ఫైలు తీసుకోవాలంటే సర్వీసు పత్రం కావాలి. సర్వీసు పత్రం రెండో కిటికీ ఇస్తుంది, ఉద్యోగి నంబరు చూపిస్తే. నంబరు మూడో కిటికీ ఇస్తుంది, పర్మినెంటు ఆర్డరు చూపిస్తే. ఆర్డరు రావాలంటే ఫైలు మొదటి కిటికీలో ఇచ్చి, రిజిస్ట్రారు సంతకం పడాలి. ఆరేళ్ళుగా ఆమె గానుగెద్దులా ఈ మూడింటి చుట్టూ తిరిగింది. తనకే తెలివి చాలదనుకుంది, మాట్లాడటం రాదనుకుంది. ఎప్పుడడిగినా రెండో కిటికీ గుమాస్తా ఒకటే మాట: "అందరూ తెచ్చుకుంటున్నారు కదా మేడమ్, మీకే ఎందుకు రావట్లేదో?"

"నా క్లాసు ఫిజిక్స్ మాస్టారికి పోతుంది అత్తయ్యా," అంది ఆ సాయంత్రం. "ఆయన ఆ పిల్లల చేత ఆటల చరిత్ర రాయిస్తాడు."

అత్తగారు కోడలి సంచిలోని ఫైలు వైపు ఒకసారి చూసింది.

ఆ వారమే మేడమ్ పిల్లలకి ఏడాది చివరి పని ఇచ్చింది. రోజూ చూసే ఒక చోటు మీద ఆట చేయాలి. ఆ చోటు ఎన్నడూ చూడని మనిషి ఆడితే, అది ఎలా నడుస్తుందో తెలిసిపోవాలి. ఒక జట్టు బస్టాండు తీసుకుంది, ఒక జట్టు వాళ్ళ వీధి ఆసుపత్రిని. ముందు బెంచీ అమ్మాయి జట్టు మాత్రం కాలేజీ ఆఫీసును తీసుకుంది. వారం రోజులు వరండాలో కూర్చుని, గోడ మీది నోటీసులన్నీ అక్షరం పొల్లుపోకుండా రాసుకుని, అట్ట మీద మూడు కిటికీలూ, చివర రిజిస్ట్రారు గదీ గీశారు. ఫైలుకి బదులు గుండీ. గుండీ రిజిస్ట్రారు బల్ల మీదికి చేరి సంతకం పడితే గెలుపు. వాళ్ళకి మేడమ్ ఫైలు సంగతి తెలియదు.

ఇంట్లో బల్ల మీద ఆ అట్ట పరిచేసరికి మేడమ్ దాని మీదికి వంగింది. తన ఆరేళ్ళు జానెడు అట్ట మీద రంగు పెన్సిళ్ళతో వేసి ఉన్నాయి. గుండీ పట్టుకుని ఆడింది. మొదటి కిటికీ, రెండోది, మూడోది, మళ్ళీ మొదటిది. నాలుగు చుట్లు తిరిగాక చెయ్యి ఆపింది.

"ఇది తెమలదు కదమ్మా," అంది అమ్మాయితో.

"తెమలదు మేడమ్. మేమూ చూశాం. కానీ రూల్సు వాళ్ళవే. మేమేం కల్పించలేదు."

తెమలని ఆటలో తప్పెవరిదో ఆమె ఏడాదంతా చెబుతూనే ఉంది. తనకే ఎన్నడూ చెప్పుకోలేదు.

ఇంతలో అత్తగారు అద్దాలు తుడుచుకుంది. కాగితం రెండుసార్లు చదివింది. "సాయంత్రం నాలుగింటికి బల్ల మీదున్న కాగితాలన్నిటి మీదా రిజిస్ట్రారు సంతకం పెడతాడు. ఇదెక్కడిదర్రా?"

"అది నోటీసులో లేదు బామ్మగారూ. మేం కళ్ళారా చూశాం. ఆయన బస్సు నాలుగూ పదికి. దేన్నీ చదవరు, పేజీలు తిప్పుకుంటూ పోతారు."

"మొదటి కిటికీ నుంచే మొదలెట్టాలని ఎక్కడుంది?"

పిల్లలు రాసుకొచ్చిన నోటీసులన్నీ తిరగేశారు. ఎక్కడా లేదు. అత్తగారు గుండీ తీసి తిన్నగా రిజిస్ట్రారు బల్ల మీద పెట్టి, వేలితో అట్టను తట్టింది. "నాలుగైంది. గెలిచాను. టీ ఎవరు పెడతారు?"

పిల్లలు పడీ పడీ నవ్వారు. మేడమ్ మాత్రం మేడమే కాబట్టి వాళ్ళ నోట్సులో ఎర్ర సిరాతో రాసింది: ఈ చిల్లు పూడ్చండి. వాళ్ళు పూడ్చారు. మొదటి కిటికీ ముద్ర లేని గుండీ రిజిస్ట్రారు గదిలోకి పోరాదని కొత్త రూలు రాశారు. అలా పిల్లల ఆట పక్కాగా తయారైంది. ఆఫీసు మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది.

నెలాఖరుకి రెండు రోజుల ముందు ఆటల ప్రదర్శన. అత్తగారు టిఫిన్ డబ్బా పట్టుకుని, 'అతిథి' అని రాసిన చీటీ గుండెలకి పెట్టుకుని మరీ వచ్చింది. మూడున్నరకి ప్రిన్సిపాలుగారు వచ్చి, అన్ని బల్లలూ చూసి, మూడు కిటికీల ఆట ముందు కుర్చీ లాక్కున్నారు.

"ఏముందిందులో? రెండు నిమిషాల పని," అన్నారు.

పది నిమిషాలకి కోటు విప్పారు. పావుగంటకి చొక్కా చేతులు మడిచారు. మొదటి కిటికీ ఆయన్ని రెండో దానికి పంపింది, రెండోది మూడో దానికి, మూడోది తిరిగి మొదటి దానికి. చుట్టూ జనం మూగారు. ఫిజిక్స్ మాస్టారు సలహాలు ఇస్తున్నాడు. మేడమ్ చేతులు కట్టుకుని నిలబడింది. ఆ గోలలో ఆమె సంచి ఎవరూ పట్టించుకోని కుర్చీలో ఉంది.

"అసలు ఈ ఆటే తప్పు!" అన్నారు ప్రిన్సిపాలుగారు చివరికి. "ఎవరు రాశారండీ ఈ బుద్ధిలేని రూల్సు?"

ముందు బెంచీ అమ్మాయి చాలా వినయంగా నోట్సు తెరిచింది. "మన ఆఫీసు గోడ మీదివే సార్. కింద సంతకం మీదే సార్."

ఆయన నోట్సు చూశారు, అట్ట చూశారు, చేతిలోని గుండీని చూశారు. అప్పుడాయన ముఖంలో ఒక వెలుగు వచ్చింది. ఇప్పుడు ఆఫీసు మారుస్తారని మేడమ్ ఆశపడింది.

"ఒక పని చేయండమ్మా," అన్నారాయన లేస్తూ. "ఒక్కో చుట్టు తిరిగినవాళ్ళకి ఒక్కో స్టార్ ఇవ్వండి. అప్పుడు తిరిగినట్టే ఉండదు."

మర్నాడు మధ్యాహ్నం మూడో కిటికీ గుమాస్తా ఆమెను పేరుపెట్టి పిలిచాడు. ఆరేళ్ళలో అది మొదటిసారి. "మేడమ్, మీ ఆర్డరు వచ్చింది. నంబరు తీసుకుపోండి." ఫైలు మీద నిన్నటి తేదీతో రిజిస్ట్రారు సంతకం ఉంది. ఆమె సంచి తడుముకుంది. ఫైలుండవలసిన చోట ఖాళీ టిఫిన్ డబ్బా ఉంది.

చేయని తప్పుకైనా నిద్రపట్టని మనిషి ఆమె. తిన్నగా రిజిస్ట్రారు గదికి వెళ్ళింది. "సార్, నా ఫైలు కిటికీల మీదుగా రాలేదండి. మీరు చూసుకోకుండా..."

రిజిస్ట్రారు తలెత్తాడు. "చూసుకోకుండా? నేను చూడకుండా సంతకం పెడతానంటారా?"

"అలా కాదండి..."

"మీ ఫైలు క్షుణ్ణంగా చదివాను. చాలా సంతృప్తికరంగా ఉంది. వెళ్ళండి."

అంతకుమించి నిజం చెప్పాలంటే ఆయన్ని అబద్ధాలకోరు అనాలి. ఆమె వెళ్ళిపోయింది.

ఇంట్లో అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది.

"అత్తయ్యా, నిన్న మీరు రిజిస్ట్రారు గదిలోకి వెళ్ళారా?"

"నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో అని వెళ్ళాను. బల్ల మీద చోటుంటే చేతిలోది కాస్త పెట్టాను. పెద్దదాన్ని, ఎంతసేపని మోస్తాను?"

"అది మోసం అత్తయ్యా."

"సరే. చేయకూడదని ఎక్కడ రాసుందో చూపించు, రేపే వెళ్ళి వెనక్కి తెచ్చేస్తాను."

కోడలు మర్నాడు వరండాలో నిలబడి గోడ మీది నోటీసులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఎక్కడా రాసిలేదు. ఆ చిల్లు పూడ్చిన రూలు పిల్లల అట్ట మీద తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. ఆ జట్టుకి నూటికి తొంభై ఆరు మార్కులు వేసింది.

ఇప్పుడామె పర్మినెంటు లెక్చరరు. గేమ్ డిజైన్ క్లాసు మంగళ, శుక్రవారాల్లో, మూడో పీరియడు. ఆఫీసులో కిటికీలు నాలుగయ్యాయి. పొద్దున్న టీ ఇప్పటికీ ఎక్కువగా ఆమే పెడుతుంది.