పరాయి కొండ మీద సున్నం

ఈ ఏడు కూడా అక్టోబరు ఆఖరి వారంలో ఆ మెసేజ్ వచ్చింది. సున్నం తెచ్చాం, బకెట్లు కడిగి పెట్టాం, మీరు వచ్చేస్తే చాలు, అని. పంపింది ఒక తెల్లమ్మాయి, వయసులో మా అమ్మాయికన్నా చిన్నది, మెల్‌బోర్న్‌కు తూర్పున గిప్స్‌లాండ్ కొండల్లో ఆవుల్ని పెట్టుకుని బతికే కుటుంబంలోది. నేను కళ్ళజోడు సర్దుకుని రెండోసారి చదువుకుంటుంటే మా మనవరాలు ఫోనులోకి తొంగి చూసి, "అమ్మమ్మా, వై డూ దే నీడ్ యూ టు పెయింట్ రాక్స్?" అని అడిగింది. దానికి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం ఎప్పుడూ ఇంగ్లీషులోనే వస్తుంది. నాకేమో ఈ సంగతి ఇంగ్లీషులో చెబితే ఉప్పు లేని పప్పులా ఉంటుంది. అందుకని మీకు చెబుతున్నాను. సున్నం వాసన ఎలా ఉంటుందో మన వయసు వాళ్ళకు విడమర్చి చెప్పక్కర్లేదు కదా.

ఎనభైల చివర్లో నేను పై చదువుకు ఈ దేశం వచ్చాను. చీరాలలో మిషన్ ఆస్పత్రి నర్సు కూతురు ఆస్ట్రేలియా వెళ్ళిందంటే మా చర్చిలో నెల్లాళ్ళు అదే ముచ్చట. క్లేటన్‌లో యూనివర్సిటీకి దగ్గరగా ఒక ముసలావిడ ఇంట్లో వెనక గది అద్దెకు దొరికింది. ఇప్పుడు ఆ వీధిలో నడిస్తే ప్రతి మూడో ఇంట్లోంచీ తాలింపు ఘుమఘుమలు వస్తాయి, మన పిల్లలు ఒక్కో ఇంట్లో అరడజను మంది చేరి నవ్వుకుంటూ ఉంటారు కానీ, ఆ రోజుల్లో తెలుగు మాట వినాలంటే నాలో నేనే మాట్లాడుకోవాలి. ఇంటిగలావిడ మొదటిరోజే తనను పేరు పెట్టి పిలవమంది. మా అమ్మ కంటే పాతికేళ్ళు పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలవడానికి నాకు నోరెలా వస్తుంది? ఆంటీ అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, సరే, ఇంకెవరూ అలా పిలవరు, బాగానే ఉంది అంది. నేను మొదటిసారి కాగిన నూనెలో ఆవాలు వేసినప్పుడు ఇల్లంటుకుందేమోనని తడి తువ్వాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చిన మనిషే, ఏడాది తిరక్కుండా ఆ చిటపటలు వినడానికి వంటింటి గుమ్మంలో నిలబడేది.

సాయంత్రాలు ఇద్దరం కూర్చుని బఠాణీలు ఒలిచేవాళ్ళం. అప్పుడు ఆవిడ తన తాతగారి కథ చెప్పేది. ఆయన స్కాట్లాండ్‌లో ఎవరి పొలంలోనో కూలి చేసుకునేవాడట, కొత్తగా పెళ్ళాడిన భార్యను వెంటబెట్టుకుని ఓడెక్కి ఇక్కడికొచ్చి, గిప్స్‌లాండ్ అడవిలో ఒక కొండవాలు తన పేర రాయించుకున్నాడట. రాయించుకున్నాక వెళ్ళి చూస్తే అక్కడ నేల కనిపించలేదు. తలెత్తితే మెడ పట్టేసేంత చెట్లు, మిట్టమధ్యాహ్నం తప్ప ఎండ దిగని చీకటి, మోకాళ్ళ లోతు బురద. ఇల్లు కట్టుకునేదాకా తలదాచుకోవడానికి చోటు లేక, ఎప్పుడో కార్చిచ్చులో లోపల కాలి గుల్లయిన ఒక మహావృక్షం తొర్రలో కాపురం పెట్టారు. గోనెపట్టాయే తలుపు. ఆ తొర్రలోనే ఆంటీ వాళ్ళ నాన్న పుట్టాడు. మేము చెట్టులో పుట్టినవాళ్ళమని ఆవిడ నవ్వేది. ఆయన చెట్ల మొదళ్ళ చుట్టూ గొడ్డలితో గాటు పెట్టి ఎండబెట్టి తగలబెడుతుంటే, ఆమె ఆ బూడిదలోనే బంగాళాదుంపలు నాటి, రెండు ఆవులు పెట్టుకుని, చిలికిన వెన్న గుర్రం మీద వేసుకుని ఆ బురద బాటలో అంగడికి పోయేదట.

అలా నిలదొక్కుకుంటున్న ఏడాదే ఇద్దరు చిన్నపిల్లలు గొంతు జబ్బుతో ఒకరి వెనక ఒకరు పోయారు. కంఠసర్పి అని నాకు వెంటనే తెలిసింది, అమ్మ నోట ఆ పేరు చిన్నప్పట్నుంచీ వింటున్నదే. పాస్టరు రావడానికి దారి లేదు, శవపేటికకు చెక్క కొనే ఊరూ దగ్గర్లో లేదు. ఇంటికెదురుగా ఉన్న కొండ మీద తండ్రే గొయ్యి తీసి, వాగులోంచి రెండు రాళ్ళు మోసుకొచ్చి పాతి, ఉలితో పేర్లు చెక్కాడు. తర్వాత ఆయనా, ఆవిడా కూడా అక్కడికే చేరారు. ఈ కథ ఎంత గర్వంగా చెప్పేదో, ఆఖర్న అంత నెమ్మదిగా ఒక మాట అనేది: "మా తాత వెళ్ళేసరికి అక్కడ మనుషులున్నారు, లవ్. వాగు పక్కన వాళ్ళ పొయ్యిలుండేవి. వాళ్ళేమయ్యారని మా ఇంట్లో ఎవరూ అడగలేదు." 

ఇక నా సంగతి. నేను ఇంటర్ చదివేటప్పుడు నాన్న పోయాడు. మా వైపు నవంబరు మొదట్లో సమాధుల పండుగ వస్తుంది. ముందురోజే ఇంటిల్లిపాదీ చీపుళ్ళు, బకెట్లు పట్టుకుని సమాధుల తోటకు వెళ్ళి, గడ్డి పీకి, కడిగి, సున్నం వేసి, మర్నాడు బంతిపూలు పరిచి కొవ్వొత్తులు వెలిగిస్తాం. మా దృష్టిలో సున్నం పడని సమాధి అంటే ఎవరూ లేనివాళ్ళ సమాధి. మా అమ్మకు ఇంకో పట్టింపు కూడా ఉండేది: సమాధికని కలిపిన సున్నం మిగిలితే ఇంటికి తీసుకెళ్ళకూడదు, పక్కనెవరిదైనా దిక్కులేని సమాధి ఉంటే దానికి వెయ్యాలి. నాన్న పోయిన దగ్గర్నుంచీ మొదటి చెయ్యి నాదే. అన్నయ్య కలిపేవాడు, నేను వేసేదాన్ని. ఇక్కడికొచ్చిన మొదటి నవంబరులో ఆ పని నా చేతికి లేకుండా పోయింది. అంత ఏడుపు ఆ ఏడాది మొత్తంలో నాకు ఇంకెందుకూ రాలేదు.

మెల్‌బోర్న్‌లో సరిగ్గా అప్పుడే గుర్రప్పందేల సెలవొస్తుంది, ఊరు ఊరంతా పని మానేస్తుంది. నేను కళ్ళు వాచిపోయి తిరగడం చూసి ఆంటీ ఏమీ అడక్కుండానే, పద, మా పుట్టింటి కొండ చూపిస్తాను అని తన పాత కారులో ఎక్కించుకుంది. దారిలో అసలు సంగతి చెప్పింది. ఆ పొలం ఆవిడ తమ్ముడి చేతిలో ఉంది. మోకాళ్ళు పనిచెయ్యవు, కొడుకుల్లేరు, ఆవుల్ని చూసుకోవడం ఇక తన వల్ల కాదని ఆ కొండవాలు అమ్మేస్తున్నాడు. కొనేవాడు ట్రాక్టరు పెట్టి దున్నిస్తాడట. సమాధులున్న ముక్కనైనా వదిలెయ్యమని ఆంటీ ఎంత చెప్పినా తమ్ముడు వినలేదు. ఏళ్ళ తరబడి ఎవరూ పోనిచోటు ఎవరి కోసం ఉంచమంటావు అన్నాడట.  ఆంటీ ఇప్పుడు చివరిసారిగా చూసిరావడానికే వెళుతోంది.

తమ్ముడూ ఆయన భార్యా నన్ను ఆప్యాయంగానే చూశారు. ఆ మధ్యాహ్నం ఆంటీ, నేనూ కొండెక్కితే రాళ్ళు లేవు, ముళ్ళకంపలే ఉన్నాయి. పొద్దువాలేదాకా కొడవళ్ళతో కొట్టగా నాచు పట్టి నల్లబడ్డ నాలుగు రాళ్ళ తలలు బయటపడ్డాయి. ఆంటీ వాటిని చేత్తో తడిమి, చెప్పాల్సిందేదో చెప్పుకున్నట్టు పెదవులు కదిపి, దిగిపోదామంది.

మర్నాడు తెల్లవారగానే నాకు మెలకువొచ్చింది. ఇవాళ చీరాలలో అన్నయ్య సున్నం కలుపుతాడని తోచింది. అక్కడ నాన్నకు వేస్తారు, ఇక్కడ వీళ్ళకెవరు వేస్తారు? నాకు అంతకుమించి ఆలోచన రాలేదు. వంటింట్లో పిండి కలుపుతున్న తమ్ముడి భార్యను కాస్త సున్నం కావాలని అడిగితే, ఆవిడ ఎందుకని కూడా అడక్కుండా పాల షెడ్డు వైపు చెయ్యి చూపించింది. షెడ్డు గోడలకు ఏటా వేసే సున్నం అది, మన సున్నమే, అదే వాసన. బకెట్లో కలుపుకుని, పాత బ్రష్షు పట్టుకుని కొండెక్కి, నాచు గీకి, కడిగి, నాలుగు రాళ్ళకూ రెండేసి చేతులు వేశాను. కంచె పక్కన పూసిన తెల్ల లిల్లీలు కోసి పెట్టాను. నా తండ్రికి చేసిన తృప్తి కలిగింది, ఆ మాట దాచుకోవడమెందుకు.

పాలు పిండి షెడ్డులోంచి బయటికొచ్చిన తమ్ముడు తలెత్తి కొండవైపు చూశాడు. ఆయన ముఖం ఎర్రబడింది. గబగబా ఇంట్లోకొచ్చాడు. "అక్కా, నీ పిల్ల ఏం చేసిందో చూశావా? మన వాళ్ళ రాళ్ళకి పాల షెడ్డు సున్నం పూసింది! రేపు ఆ మనిషి కొండ చూడ్డానికొస్తున్నాడు, రోడ్డు మీంచే కనబడుతున్నాయవి, ఆయనకేం చెప్పమంటావు?"

 తెల్లవాళ్ళు సమాధులకు సున్నం వెయ్యరని, రాయిని రాయిగానే ఉంచుతారని నాకెవరు చెప్పారు? ఇహ ఆ గది ఖాళీ చెయ్యాల్సిందే అనుకున్నాను. ఆంటీ వంటింటి కిటికీ దగ్గరికి నడిచింది. పచ్చటి కొండ మీద నాలుగు తెల్లటి చుక్కలు. చూసి చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ భుజాలు కదులుతుంటే ఏడుస్తోందని అర్థమైంది.

"నువ్వప్పటికి పుట్టలేదురా," అంది తమ్ముడితో. "వసంతం రాగానే షెడ్డుకి సున్నం వేసి, మిగిలింది బకెట్లో పట్టుకుని నాయనమ్మ కొండెక్కేది. బకెట్ ఒక చెవి నేను పట్టుకునేదాన్ని. పిల్లలిద్దరూ ఈ కిటికీలోంచి కనబడాలని వేసేది. అంట్లు తోముతూ వాళ్ళనే చూసుకునేది. ఆవిడ పోయాక ఎవరూ వెయ్యలేదు. నేనూ మర్చేపోయాను."

 తమ్ముడు టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం రెండోసారి పాలు పిండి వచ్చి చేతులు కడుక్కోవడానికి ఆ కిటికీ ముందే నిలబడ్డాడు. సబ్బు నురగ చేతుల మీదే ఆరిపోతున్నా కదల్లేదు. భోజనం చల్లారిపోతోందని భార్య రెండుసార్లు పిలిచింది. ముళ్ళకంపల కింద ఉన్నంతకాలం అవి రాళ్ళే, కంటికి కనబడేసరికి తాతా, నాయనమ్మా, నాన్న తోబుట్టువులూ అయ్యాయి కాబోలు.

మర్నాడు నేను లేచేసరికి ఆయన లారీలో గుంజలు, తీగ చుట్టలు వేసుకుంటున్నాడు. నన్ను చూసి ఒక జత రబ్బరు బూట్లు నా ముందు పడేసి, గుంజ పట్టుకోవడం వచ్చా అన్నాడు. కొనేవాడు వచ్చేసరికి నాలుగు రాళ్ళ చుట్టూ కంచె లేచింది. ఆయన మంచివాడు, ఆ ముక్క వదిలేసి మిగతాది తీసుకున్నాడు.

సున్నం ఇంకా కాస్త మిగిలింది. ఏం చెయ్యాలని ఆంటీ అడిగితే అమ్మ పట్టింపు చెప్పాను. ఆవిడ వాగు వైపు చాలాసేపు చూసింది. ఒకప్పుడు అక్కడున్న మనుషులకు ఒక్క రాయి కూడా లేదు, ఎక్కడ వెయ్యాలో మా ఇద్దరికీ తెలియలేదు. ఆ సున్నం బకెట్లోనే గడ్డకట్టింది.

ఆ తర్వాత నా చదువు పూర్తయింది, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, అన్నీ ఈ గడ్డ మీదే జరిగాయి. ప్రతి నవంబరులోనూ ఆ కొండకు వెళుతూనే ఉన్నాను. మొదట్లో ఆంటీ, నేనూ. తర్వాత ఆవిడ తమ్ముడి కూతుళ్ళు, మెసేజ్ పంపిన ఆ అమ్మాయితో సహా వాళ్ళ పిల్లలు, ఎక్కడెక్కడి దాయాదులో, ఇప్పుడు కార్లు నిలపడానికి చోటుండదు. కంచెలో ఐదో రాయి ఆంటీది. నాకు ఈ దేశంలో తలదాచుకోవడానికి గది ఇచ్చిన మనిషి, పుట్టింటి పండుగ కూడా ఇచ్చింది. ఆ రుణం తీరేది కాదు, తీరాలని నాకూ లేదు.

మొన్న అన్నయ్య ఫోటో పంపాడు. నాన్న పక్కనే అమ్మ, ఇద్దరికీ కలిపి నల్ల గ్రానైటు పలకలు వేయించాడు, అద్దంలా మెరుస్తున్నాయి. ఫోన్ చేసి, "ఇంక యేటా ఆ సున్నం బాదరబందీ లేదమ్మాయ్, గుడ్డ పెట్టి తుడిస్తే సరిపోద్ది," అన్నాడు. తోటలో అందరూ అలాగే చేయించుకుంటున్నారట. మంచిపనే చేశావన్నయ్యా అన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను, వాడికీ మోకాళ్ళ నొప్పులే. కానీ ఫోను పెట్టేశాక నా కుడిచెయ్యి ఊరికే ఉండలేకపోయింది.

శనివారం మనవరాల్ని కూడా తీసుకెళతాను. బకెట్ ఒక చెవి దాన్ని పట్టుకోమంటాను. కొండ మీద అందరూ పక్కకు జరిగి, ఎప్పటిలాగే మొదటి చెయ్యి నన్నే వెయ్యమంటారు. వేసేటప్పుడు నేను మనసులో ఎవరిని తలుచుకుంటానో వాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. చీరాలలో మా నాన్నకు ఇక సున్నం పడదు. ఆయన వంతు ఇక్కడే పడుతోంది.