చిత్రిక అంచున పడిన గంటు

నా చిన్నప్పుడు నాకు భయమంటే ఏమిటో తెలియదని ఇంట్లో పెద్ద పేరు. నోరున్న పిల్లకు భయం ఉండదని అందరి లెక్క. ఆ లెక్క తప్పని నాకు తొమ్మిదేళ్లకే తెలుసు.

మా తాతయ్య మార్కాపురంలో వడ్రంగి. రాతి పలకలకు చెక్క చట్రాలు చేసి బిగించేవాడు. చెక్కను నునుపు చేసే చిత్రిక ఒకటి ఆయనకు వాళ్ల నాయన నుంచి వచ్చింది. అరచేతి రాపిడికి దాని దిమ్మె నల్లగా నిగనిగలాడేది. ఎవరెవరో మూలన పడేసిన తుప్పు చిత్రికలు తెచ్చి ఇస్తే తాతయ్య తుప్పు గీకి, నూనె పట్టించి, అంచు సానబట్టి మళ్లీ పనిలోకి తెచ్చేవాడు. తన చిత్రికను మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. ఒకసారి మా చిన్నాన్న దాన్ని తీసి పాడుచేశాడట. ఆయనతో తాతయ్య ఏడాదిపాటు మాట్లాడలేదు. కొట్టలేదు, తిట్టలేదు. ఒకే వసారాలో పక్కపక్కన కూర్చుని అన్నం తింటూ కూడా మాట్లాడలేదు. నాలాంటి వాగుడుకాయకు అంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది?

అలాంటి చిత్రికను నేను తీశాను. నా పలక చట్రం గరుకుగా ఉండి వేలికి పేడు గుచ్చుకుంది. చట్రం ఊడదీసి చిత్రిక పట్టాలని తెలియక, పలకతో సహా ఒళ్లో పెట్టుకుని ఒక్క తోపు తోశాను. కర్రుమంది. రాయి తగిలి, చిత్రికలోని ఇనుప బద్ద అంచున జొన్నగింజంత గంటు పడింది.

తాతయ్య అన్నానికి లోపలికి పోయి ఉన్నాడు. చెక్కపొట్టు గుట్టలో చిత్రికను పూడ్చేశాను. ఆయన చెప్పుల చప్పుడు వినగానే నాలుక పిడచకట్టుకుపోయింది. ఆయన నన్ను చూశాడు, గుట్టను చూశాడు, చెయ్యి పెట్టి చిత్రిక తీశాడు. బద్దను ఊడదీసి వెలుగుకు పట్టి చూశాడు. నోరు విప్పలేదు. నా ఏడాది మొదలైందనుకున్నాను.

"తుప్పు తినేసినట్టుంది తాతా."

జవాబు లేదు.

"పాత ఇనుము గదా, రాలదా ఏంది?"

జవాబు లేదు.

"చిన్నాన్న అప్పుడు చెడగొట్టిందేమో!"

ఆ మాటకు ఒకసారి నావైపు చూసి, సానరాయి ముందుకు లాగాడు. నీళ్లు చల్లి, నా వేళ్లు బద్ద మీద పెట్టి, వాటి మీద తన వేళ్లు పెట్టాడు. ముందుకూ వెనక్కూ రుద్దడం మొదలైంది. నీళ్లు నల్లబడ్డాయి, నా వేళ్లు తిమ్మిరెక్కాయి, గంటు అలాగే ఉంది. ఆ మధ్యాహ్నం ఆ రాపిడి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఆగలేక వాదనకే దిగాను.

"గంటు ఉన్నకాడ రుద్దితే చాలదా? అంచంతా ఎందుకు తాతా?"

"ఆడొక్కకాడ రుద్దితే ఇంకా గుంటవుతాది. గంటెంత లోతుంటే అంచంతా అంత దిగాల."

మాట్లాడాడు! ఆ గొంతు వినగానే నాలో కట్ట తెగింది.

"నేనే తాతా. పలక మీద తోసినా."

"తెలుసులే. చిత్రిక దాచినావు గానీ, గీత పడిన పలకను అరుగు మీదనే పెడితివి గదా, తిక్కదానా."

ధైర్యం వచ్చి అడిగాను, "మరి చిన్నాన్నతో ఎందుకు మాట్లాడలా?"

రుద్దడం ఆపాడు. "చిత్రిక చెడగొట్టినందుకు గాదు. అది పక్కింటి పిల్లోడు చేసినాడని చెప్పినాడు. వాళ్ల నాయన ఆ పిల్లోన్ని వాతలు తేలేట్టు కొట్టినాడు. ఇందాక నువ్వూ చిన్నాన్న మీద పెట్టబోతివి."

అంతవరకూ నేను తాతయ్యకు భయపడ్డాను. ఆ క్షణం నుంచి నా నోటికి భయపడ్డాను. నేను అనుకోకుండానే అంత సులువుగా ఇంకొకరి పేరు పలికింది అది.

పొద్దు వాలే వేళకు గంటు పోయింది. అంచుకు ఆఖరి మెరుగు పలకరాయి మీద పెట్టి, నా చట్రాన్ని నా చేతే నునుపు చేయించాడు.

ఆ చిత్రిక ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆనాడు సానలో అరిగినంత మేర బద్ద పొట్టిగానే ఉంది. నేను ఇప్పటికీ వాదిస్తాను, మానమన్నవాళ్లతో మరీ వాదిస్తాను. కానీ తప్పు నాదైతే ముందు "నేనే" అని, ఆ తర్వాతే మొదలుపెడతాను. ఆ ఒక్క మాట అనే ముందు ఇవాళ్టికీ నా నాలుక పిడచకట్టుకుపోతుంది.